లిటిల్ సైగాన్ నుంచి థాయ్ టౌన్ దాకా పులుపు తిన్న రోజు

2011లో నేను సదరన్ కాలిఫోర్నియాలో, ఇర్వైన్‌లో ఉండేవాణ్ణి. ఆఫీసు, అపార్ట్‌మెంటు, వీకెండొస్తే ఆర్టీషియా వెళ్ళి కరివేపాకూ కందిపప్పూ తెచ్చుకోవడం, అంతే లైఫ్. బయట తిందాం అంటే ఇండియన్ బఫే, లేదంటే ఆఫీసు పక్క మాల్‌లో ఫుడ్ కోర్టు, అక్కడ ఎర్రగా తీపి తీపిగా ప్యాడ్ థాయ్ అని ఒక థాయ్ నూడుల్స్ పెట్టేవాళ్ళు, మాకు తెలిసిన ఆగ్నేయాసియా మొత్తం అదే. మేముండే చోటికి కార్లో ఇరవై నిమిషాల దూరంలో వెస్ట్‌మిన్‌స్టర్, అక్కడే లిటిల్ సైగాన్, అంటే వియత్నాం బయట వియత్నాం వాళ్ళు అందరికన్నా ఎక్కువమంది ఉండే పేట, అక్కణ్ణుంచి ఇంకో అరగంట పోతే లాంగ్ బీచ్‌లో కంబోడియా టౌన్, ఇంకా పైకి పోతే హాలీవుడ్‌లో అమెరికా మొత్తానికీ మొట్టమొదటి థాయ్ టౌన్. ఇవన్నీ పక్కనే పెట్టుకుని మేం ఫుడ్ కోర్టులో ట్రే పట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళం.

మా బ్యాచ్ గురించి చెప్పాలి. అక్క ఉండేది, విజయవాడ, మాకన్నా పదేళ్ళు పెద్ద, ఆఫీసులో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆవిడ క్యూబికల్ దగ్గరికే పోయేవాళ్ళం. ఒక గోదావరోడు, రాజమండ్రి పక్క పల్లె, వాడికి ప్రపంచంలో రెండే రకాల మనుషులు, చేపల పులుసు తినేవాళ్ళూ ఇంకా తినాల్సినవాళ్ళూ. ఇంకొకణ్ణి మేం పెరుగన్నం అని పిలిచేవాళ్ళం, ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టడు, కానీ కేకులో గుడ్డు లెక్కలోకి రాదంటాడు. వాడి పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, వాళ్ళ మేనేజర్ కూడా ఒకసారి మీటింగ్‌లో పెరుగన్నం అనేసింది అర్థం తెలీక.

ఈ ప్రయాణానికి కారణం మా టీమ్‌లో డేటాబేస్ చూసుకునే వియత్నాం పెద్దాయన. ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు మేం ఫుడ్ కోర్టు డబ్బాలు మైక్రోవేవ్‌లో పెడుతుంటే వచ్చి వాసన చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయి, కాసేపటికి ప్రింటర్ కాగితం వెనకాల పెన్నుతో ఒక మ్యాప్ గీసుకొచ్చి ఇచ్చాడు. 405 ఫ్రీవే, బోల్సా అవెన్యూ, హాజర్డ్ అవెన్యూ, కింద రెండు రూల్సు. పొద్దున్నే వెళ్ళాలి. ఒక్కో చోట ఒకటో రెండో వంటకాలే తెప్పించుకుని అందరూ పంచుకోవాలి. అక్క ఆ కాగితం చూసి, సరే వియత్నాంతో ఆగడమెందుకు, ఒక ఆదివారం మొత్తం పెట్టుకుని దొరికినన్ని చోట్ల తిందాం అంది. మే నెల. గ్యాస్ అప్పుడు గ్యాలన్ నాలుగు డాలర్ల దగ్గర ఆడుతోంది, అందుకని ఒకటే కారు, అక్క కరోలా.

పొద్దున ఎనిమిదింటికల్లా హాజర్డ్ అవెన్యూలో ఫో 79 ముందు ఉన్నాం, అప్పటికే లైను. ఫో అంటే తెలియనివాళ్ళకి, బియ్యం నూడుల్స్ వేసిన మాంసం సూపు, వియత్నాం ఉత్తరాన పుట్టింది, 1954లో దేశం రెండు ముక్కలయ్యాక ఉత్తరం నుంచి దక్షిణానికి పారిపోయినవాళ్ళతో పాటు సైగాన్ చేరింది, అక్కడ ఆకులూ సాసులూ కలుపుకుని 1975 తర్వాత ఇక్కడికొచ్చింది. మా ముందు లైన్లో నిలబడ్డవాళ్ళలో ముసలాళ్ళే ఎక్కువ, చేతిలో వియత్నామీస్ పేపరు, ఎవరూ మెనూ వైపు చూడట్లేదు. ఈ హోటల్‌కే తర్వాత 2019లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్ళు అమెరికాస్ క్లాసిక్స్ అవార్డు ఇచ్చారు, ఆ వార్త చూసి మా గ్రూపులో మేమే ఏదో గెలిచినట్టు హడావిడి చేశాం.

లోపల కూర్చున్న రెండు నిమిషాలకి బౌల్ వచ్చేసింది. నేనూ అక్కా బీఫ్ తినం, చికెన్‌ది చెప్పాం, గోదావరోడు ఆక్స్‌టెయిల్, అంటే ఎద్దు తోకది, చెప్పాడు. సూపు చూస్తే నీళ్ళలా తేటగా ఉంది, ఇందులో ఏముంటుందిలే అనిపిస్తుంది. కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిపాయ. మన బిర్యానీ మసాలాలో ఉండేవే సగం, కానీ నూనెలో వేయించలేదు, కారం లేదు, గంటల తరబడి ఎముకలతో మరిగించి మసాలా అంతా తీసిపారేసి వాసన మాత్రం ఉంచారు. పక్కన ఇంకో ప్లేటు నిండా పచ్చి ఆకులు. ఊదారంగు కాడలున్న తులసి, నలిపితే సోంపు వాసన. రంపంలా అంచులున్న పొడవాటి ఆకు ఒకటి, కొత్తిమీరకి అన్నలాంటిది, ఆ వాసన చేతికి అంటుకుంటే మధ్యాహ్నం దాకా పోలేదు. మొలకలు, పచ్చిమిర్చి, నిమ్మచెక్కలు. మేం ఆకులన్నీ ఒకేసారి బౌల్‌లో పడేయబోతుంటే పక్క టేబుల్ బామ్మ గారు చెయ్యి అడ్డం పెట్టి, ముందు సూపు ఒట్టిదే తాగమని సైగ చేసింది. తాగాం. తర్వాత ఒక ఆకు తుంచి వేసింది, ఇంకో స్పూను తాగమంది, తర్వాత నిమ్మకాయ. నిమ్మకాయ పడ్డాక ఆ సూపు వేరే సూపు అయిపోయింది, అప్పటిదాకా తీపిగా ముద్దుగా ఉన్నది ఒక్కసారి లేచి కూర్చున్నట్టు. గోదావరోడు ఇంకో నిమ్మచెక్క అడిగి తెప్పించుకున్నాడు, తర్వాత ఇంకోటి, వడ్డించే అబ్బాయి చివరికి ఒక గిన్నెడు తెచ్చి వాడి ముందు పెట్టేశాడు.

టేబుల్ మీద కోడిపుంజు బొమ్మ, ఆకుపచ్చ మూత సీసా. శ్రీరాచా. అది థాయ్‌లాండ్ నుంచి వస్తుందని గోదావరోడి నమ్మకం, సీసా తిప్పి చూపించింది అక్క, రోజ్‌మీడ్, కాలిఫోర్నియా. పేరైతే థాయ్‌లాండ్‌లో ఊరి పేరే కానీ ఈ సాసు చేసే డేవిడ్ ట్రాన్ వియత్నాం నుంచి వచ్చిన చైనీస్ ఆయన, 1980లో లాస్ ఏంజిలస్ చైనాటౌన్‌లో మొదలుపెట్టాడు, కంపెనీ పేరు హుయ్ ఫాంగ్ అంటే ఆయన దేశం దాటివచ్చిన ఓడ పేరు. అప్పులు తీర్చిన దేవుడి పేరో కూతురి పేరో పెట్టుకోవడం చూశాను కానీ ఎక్కివచ్చిన ఓడ పేరు సీసా మీద వేసుకోవడం నాకు చాలా నచ్చింది.

పెరుగన్నం సంగతి మర్చిపోయాననుకుంటున్నారా, వాడు అక్కడ ఒట్టి నిమ్మచెక్క చప్పరిస్తూ కూర్చున్నాడు. వాడికోసం బోల్సాలో ఇంకో హోటల్‌కి వెళ్ళాం, బోర్డు మీద చాయ్ అని ఉంటే అది ప్యూర్ వెజ్ అని మ్యాప్‌లో పెద్దాయన రాసిపెట్టాడు. బౌద్ధులు అమావాస్యకీ పౌర్ణమికీ మాంసం మానేస్తారట, అందుకని లిటిల్ సైగాన్‌లో వెజ్ హోటళ్ళకి కొదవలేదు. ఎందుకింత జాగ్రత్త అంటే వియత్నాం వంటల్లో టోఫూ కూర అని చెప్పినా ఫిష్ సాసు వేసేస్తారు, వాళ్ళకి అది ఉప్పు కింద లెక్క. ఇక్కడ ఆ భయం లేదు. వాడికి బున్ హువే అనే కారం సూపు తెచ్చారు, నిమ్మగడ్డి వాసన, పైన ఎర్రటి మిరప నూనె, మాంసం ముక్కల్లా కనిపించే సోయా ముక్కలు. ఆ ముక్కలు చూసి వాడు స్పూను కింద పెట్టేశాడు, ఒరేయ్ ఇది కచ్చితంగా మాంసమే అని. అక్క వెళ్ళి కౌంటర్లో ఆవిణ్ణి అడిగితే ఆవిడ నవ్వి వంటింట్లోంచి సోయా పాకెట్టు తెచ్చి చూపించింది. పాకెట్టు మీదున్న పదార్థాల లిస్టు మొత్తం చదివి గానీ వాడు తినలేదు. తిన్నాక మాత్రం గిన్నె ఎత్తి తాగాడు.

కాఫీకి ఏషియన్ గార్డెన్ మాల్‌కి వెళ్ళాం, 1987లో కట్టింది, ఆకుపచ్చ పెంకుల కప్పు, ముందు తెల్లటి పెద్ద విగ్రహాలు, లోపల కింద అంతస్తులో ముసలాయనలు గుంపులుగా చైనీస్ చెస్ ఆడుతున్నారు, పై అంతస్తు అంతా బంగారం షాపులు. ఎక్కడ చూసినా పసుపు మీద మూడు ఎర్ర గీతల జెండా. అది 1975 ఏప్రిల్ 30తో లేకుండా పోయిన దేశం, దక్షిణ వియత్నాం జెండా. అప్పటిదాకా మాకు సైగాన్ అంటే హాలీవుడ్ సినిమాల్లో యుద్ధం, అంతే. ఆ జెండా కింద గ్లాసు మీద చిన్న స్టీలు ఫిల్టరు పెట్టి తెచ్చారు కాఫీ, చుక్క చుక్కగా కిందున్న కండెన్స్‌డ్ మిల్కులోకి దిగుతోంది, దిగేదాకా కూర్చోవాలి. మొదటి గుక్కకే పెరుగన్నం అన్నాడు, ఇందులో చికోరీ ఉంది. ఉంది నిజమే. ఇక్కడి వియత్నాం వాళ్ళు న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చే పసుపు డబ్బా చికోరీ కాఫీ పట్టుకున్నారు, వాళ్ళ ఊళ్ళో ఫ్రెంచివాళ్ళు అలవాటు చేసిన చిక్కటి కాఫీకి అది దగ్గరగా ఉందని. మన ఫిల్టర్ కాఫీలో చికోరీ లేకపోతే రుచే లేదనే మనిషికి ఇది చుట్టాలింట్లో తాగినట్టే, వాడు అక్కడే ఆ డబ్బా కొనేశాడు.

లాంగ్ బీచ్ చేరేసరికి ఒంటిగంట దాటింది. అనహైమ్ స్ట్రీట్. దీనికి 2007లో ఊరివాళ్ళు అధికారికంగా కంబోడియా టౌన్ అని పేరు పెట్టారు కానీ బోల్సాలాగ మాల్సూ జెండాలూ ఏం ఉండవు, టైర్ల షాపు, నగల షాపు, పెళ్ళి బట్టలు అద్దెకిచ్చే షాపు, మధ్యలో ఒక హోటల్. కార్లోనే అక్క చెప్పింది, లోపల యాభై దాటినవాళ్ళు కనిపిస్తే ఎప్పుడొచ్చారు ఎలా వచ్చారు అని అడక్కండి, వాళ్ళే చెప్తే వినండి అని. 1975 నుంచి 1979 దాకా ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో ఆ దేశంలో పదిహేను లక్షల మందికి పైగా చనిపోయారు, ఆకలికీ రోగాలకీ కొంతమంది, చంపేస్తే కొంతమంది. మిగిలినవాళ్ళలో కొంతమంది థాయ్ సరిహద్దులో క్యాంపుల్లో ఏళ్ళు గడిపి ఇక్కడికొచ్చారు. లాంగ్ బీచే ఎందుకు అంటే, అరవైల్లో ఇక్కడి కాల్ స్టేట్ యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చిన కొద్దిమంది కంబోడియా స్టూడెంట్లు అప్పటికే ఈ ఊళ్ళో ఉన్నారు, తెలిసినవాళ్ళున్న చోటికే కదా ఎవరైనా వెళ్ళేది. మన డల్లాస్ కథ కూడా అదే, కాకపోతే మనం సూట్‌కేసుల్లో పచ్చళ్ళు సర్దుకుని వచ్చాం.

హోటల్‌లో గోడ మీద అంగ్‌కోర్ వాట్ ఫోటో, పెద్దది. వడ్డించిన అబ్బాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, లాంగ్ బీచ్‌లోనే పుట్టినవాడు, మీరు ఇండియన్సా, అది మీ విష్ణువు గుడే తెలుసా అన్నాడు. పెరుగన్నానికి తెలుసు, పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించాడనీ తర్వాత బౌద్ధులదయిందనీ వాడు అక్కడే క్లాసు మొదలెట్టాడు, ఆ అబ్బాయి వాళ్ళమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఇంగ్లీషు అర్థమైందో లేదో తెలీదు, సూర్యవర్మ అన్న చోట మాత్రం తల ఊపింది.

సమ్లా మచు క్రోయింగ్ అని ఒక పులుపు సూపు చెప్పాం, ఆ అబ్బాయే చెప్పమన్నాడు, చికెన్‌తో చేయించాడు మాకోసం. నిమ్మగడ్డి, పచ్చి పసుపు, గలంగల్ అనే అల్లం జాతి దుంప, వెల్లుల్లి, నిమ్మ ఆకులు కలిపి నూరిన ముద్ద ఆకుపచ్చగా పసుప్పచ్చగా ఉంటుంది, దాన్ని క్రోయింగ్ అంటారు, అది వేసి, చింతపండు పోసి, తూటికూర వేసి కాస్తారు. తూటికూర! మా అమ్మమ్మ చెరువు గట్టు నుంచి తెంపుకొచ్చి పప్పులో వేసేది, నేను మళ్ళీ అమెరికాలో లాంగ్ బీచ్‌లో చూశాను. బోలు కాడలు కొరికితే కరకరలాడుతూ లోపలున్న పులుసు నోట్లోకి వచ్చేస్తుంది. పొద్దున్న నిమ్మకాయ పులుపు పైపైన తగిలి వెళ్ళిపోయేది, ఇది చింతపండు కదా, కింద నుంచి వచ్చింది, పసుపూ నిమ్మగడ్డీ దాని మీద కూర్చున్నాయి. అక్క రెండు చెంచాలు తాగి, మనకి అన్నం లేకపోయినా గడుస్తుంది గానీ పులుపు లేకపోతే గడవదర్రా అంది. ఆ తర్వాత రోజంతా అదే పని, ఎక్కడికెళ్ళినా పుల్లటిది ఏముంది అని అడగడం.

ఇంకోటి ప్రహోక్ క్టిస్. ఊరబెట్టిన చేప ముద్దని కొబ్బరిపాలూ క్రోయింగూ పంది కైమాతో ఉడికించి గిన్నెలో ఇస్తారు, చుట్టూ దోసకాయ, క్యాబేజీ, గుండ్రటి చిన్న వంకాయలు, అన్నీ పచ్చివే. వాసన టేబుల్ దాటి పోయింది. గోదావరోడు కళ్ళు మూసుకుని పీల్చి, ఆయ్, ఇది మా ఎండుచేపల షెడ్డండీ అన్నాడు. పచ్చి వంకాయ తినడం అనేది మాకు మింగుడుపడలేదు, మన ఇళ్ళల్లో పచ్చి వంకాయ కొరికితే నోరు దురదపెడుతుందని కొడతారు. ఆ అబ్బాయి వంకాయని నాలుగు చెక్కలు చేసి, ఒక చెక్కతో ప్రహోక్ తీసి తిని చూపించాడు. గింజల వగరు, తోలు కరకర, దాని మీద ఉప్పూ కారం కొవ్వూ. నేను మూడో చెక్కకి అలవాటు పడ్డాను. అక్క ఒకటి తిని దండం పెట్టింది.

పెరుగన్నానికి అక్కడ అన్నం, నిమ్మరసంలో ఉప్పూ మిరియాలపొడీ కలిపిన చిన్న గిన్నె, పచ్చి కూరగాయలు. ఆ నిమ్మ మిరియాల నంజుడు వాళ్ళు మాంసంలోకి ఇస్తారు, వీడు అన్నంలో కలుపుకుని తిన్నాడు, చాలా బాగుందన్నాడు, నిజంగానే బాగుంది, అందరం లాక్కుని తిన్నాం.

బయటికొచ్చాక పక్క సందులో డోనట్ షాపు. కాలిఫోర్నియాలో చైన్ షాపులు కాకుండా విడిగా ఉండే డోనట్ షాపుల్లో ఎక్కువ భాగం కంబోడియా కుటుంబాలవే, దానికి మొదలు టెడ్ న్గోయ్ అనే ఆయన, 1975లో శరణార్థిగా క్యాంప్ పెండిల్టన్‌లో దిగి, డోనట్లు చేయడం నేర్చుకుని, షాపు మీద షాపు కొని, తర్వాత వచ్చినవాళ్ళని స్పాన్సర్ చేసి వాళ్ళకి షాపులు లీజుకిచ్చాడు. గులాబీరంగు డబ్బాలు కూడా ఆ షాపుల నుంచే పాపులర్ అయ్యాయంటారు, తెల్ల డబ్బా కన్నా అవి చవగ్గా దొరికేవట. మధ్యాహ్నం కాబట్టి మిగిలిపోయినవి డజను సగం ధరకి ఇచ్చేసింది ఆవిడ. పెరుగన్నం ఒక్కడే నాలుగు తిన్నాడు, డోనట్లో గుడ్డు కూడా లెక్కలోకి రాదంట.

మధ్యలో ఆర్టీషియా. ప్రతివారం సరుకులకి వెళ్ళే పయనీర్ బొలెవార్డే, దాని చివర సౌత్ స్ట్రీట్ వైపు, సెరిటోస్ వైపు ఫిలిప్పీన్స్ వాళ్ళ బేకరీలూ హోటళ్ళూ ఉన్నాయి, ఇన్నాళ్ళూ మేం పార్కింగ్ కోసం వాటి ముందునుంచే తిరిగాం. ఇక్కడ ఎక్కువసేపు లేము, కడుపులో చోటు లేదు. సినిగాంగ్ అని చింతపండు సూపు ఒక్కటి పంచుకున్నాం, ఇందులో మసాలా ముద్ద ఏం లేదు, చింతపండు నేరుగా మొహాన కొట్టినట్టుంటుంది, ముల్లంగి ముక్కలూ బెండకాయలూ తేలుతూ. ఒకటే చింతపండు, కంబోడియా వాళ్ళ చేతిలో ఒకలా ఇక్కడ ఇంకోలా. గోదావరోడు ఇది ముల్లంగి పులుసుకి నీళ్ళెక్కువైనట్టుందన్నాడు, నాకైతే ఆ రోజు తిన్నవాటిలో అదే తక్కువ నచ్చింది, ఫిలిప్పీన్స్ ఫ్రెండ్స్ క్షమించాలి. తర్వాత హాలో హాలో, తురిమిన ఐసు, ఉడకబెట్టిన తీపి బీన్సు, ఊదారంగు పెండలం ఐస్‌క్రీము, జెల్లీ, పాలు, పైన ఒక ముక్క కస్టర్డ్. మంచుకింద బీన్సు దొరికినప్పుడు అక్క మొహం ఫోటో తీసి ఉండాల్సింది.

లాస్ ఏంజిలస్ ట్రాఫిక్ గురించి రాయను. హాలీవుడ్ బొలెవార్డ్ మీద వెస్టర్న్ దాటి నార్మండీ వైపు తిరిగేసరికి చీకటి పడుతోంది. థాయ్ టౌన్ అని 1999లో పేరు పెట్టారు, పేటకి రెండు చివరలా బంగారు రంగు విగ్రహాలుంటాయి, పైసగం ఆడమనిషి కిందసగం సింహం. ఎర్ర తివాచీల హాలీవుడ్ అనుకుని వచ్చినవాళ్ళకి ఈ పక్క అంతా మసాజ్ పార్లర్లూ, లాండ్రీలూ, స్ట్రిప్ మాల్స్‌లో ఇరుకు హోటళ్ళూ. ఆ హోటళ్ళలో కొన్ని అర్ధరాత్రి దాటాక కూడా తెరిచుంటాయి, డ్యూటీ దిగిన వంటవాళ్ళూ నర్సులూ వచ్చి తింటారు.

మేం వెళ్ళింది దక్షిణ థాయ్ వంటలు చేసే చోటు. మా టేబుల్ వంటింటి కిటికీ పక్కనే. లోపల ఒకావిడ మట్టి రోట్లో చెక్క రోకలితో బొప్పాయి సలాడ్ దంచుతోంది, ముందు వెల్లుల్లీ పచ్చిమిర్చీ, తర్వాత తాటిబెల్లం, చింతపండు రసం, నిమ్మరసం, తర్వాత పొడుగు బొబ్బర్లు, టమాటా, చివర్న తురిమిన పచ్చి బొప్పాయి. దంచుతూనే ఎడం చేత్తో పెద్ద చెంచాతో తిరగేస్తోంది, గట్టిగా కాదు, నలిగీ నలగనట్టు, ప్రతి పదిసార్లకీ చిటికెనవేలు ముంచి రుచి చూసి ఇంకొంచెం బెల్లం. రోలు మోత వింటూ అందరం మాటలు ఆపేశాం. పెరుగన్నం కిటికీలోంచే అడిగాడు, నాకు ఫిష్ సాసు వద్దు, ఎండు రొయ్యలు వద్దు అని. ఆవిడ కాసేపు వాడి మొహం చూసి, రోలు కడిగి, వాడికి వేరేగా దంచింది. ఆ రోలు కడగడం చూశాక వాడు ఆ హోటల్‌కి శాశ్వతంగా భక్తుడయ్యాడు.

కారం ఎంత అని అడిగితే గోదావరోడు థాయ్ హాట్ అన్నాడు. అక్క, ఆలోచించుకోరా అంది. మిరపకాయ మనది అక్కా, వీళ్ళు మనకి నేర్పేదేంటి అన్నాడు. అక్కడ మొదలైంది వాదన, మిరపకాయ మనదీ కాదు వాళ్ళదీ కాదు, మెక్సికో వైపు పుట్టి పోర్చుగీసువాళ్ళతో ఓడెక్కి మనకొచ్చిందని పెరుగన్నం, అంటే ఈ ఖండానిదే, కాలిఫోర్నియా నుంచి చూస్తే పక్కూరు సరుకని నేను, చింతపండు మాత్రం మనదేనని గోదావరోడు, అదీ ఆఫ్రికాదిరా అని అక్క. మరి మనదేంటి అని వాడు అడుగుతుండగా కెంగ్ సోమ్ వచ్చింది.

దక్షిణ థాయ్ పద్ధతి కెంగ్ సోమ్‌లో కొబ్బరిపాలు ఉండవు. చేప, పసుపు, ఎండుమిర్చి, రొయ్యల ముద్ద, చింతపండు. పసుప్పచ్చగా పల్చగా, పైన నూనె తేలకుండా. గోదావరోడు ఒక చెంచా అన్నంలో పోసుకుని కలిపాడు, స్పూన్లు పక్కన పెట్టేసి చేత్తోనే. మొదటి ముద్దకి ఏమీ మాట్లాడలేదు. రెండో ముద్దకి ముక్కు కారింది. నాకు నాలుక మీద కాదు, చెవుల వెనకాల కారం తెలిసింది, ముందు పులుపు వచ్చి, దాని వెనకాలే కారం, ఆ తర్వాత రొయ్యల ముద్ద ఉప్పన. నీళ్ళు తాగితే ఎక్కువైంది. వాడు మాత్రం ఆపలేదు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు, చేప ముక్క ముళ్ళు తీసుకుంటూ, మా అమ్మ ఇందులో రెండు బెండకాయలూ మెంతిపొడీ వేస్తే అదే అండీ, వేరే ఏం కాదండీ అంటున్నాడు. ఆ కళ్ళ నీళ్ళు కారానివో కాదో నేను అడగలేదు. ఇంటికెళ్ళి రెండేళ్ళవుతోంది వాడు అప్పటికి, వీసా స్టాంపింగ్ భయంతో.

చివర్న మామిడిపండూ స్టికీ రైసూ తెప్పించాం, కొబ్బరిపాలు పోసి. పండు మెక్సికోది. బంగినపల్లి తెలిసిన నోటికి అది ఆనలేదు గానీ అన్నం మాత్రం అద్భుతం, కొంచెం ఉప్పు తగిలించిన కొబ్బరిపాలు పీల్చుకుని ముద్దముద్దగా. బిల్లు ఎవరు కట్టాలన్నది పెద్ద గొడవ. అక్క కార్డు లాక్కుని కట్టేసి, గ్యాస్ డబ్బులు మీరివ్వండి అంది. ఇప్పటికీ ఆ గ్యాస్ డబ్బులు ఎవరూ ఇవ్వలేదని గ్రూపులో గుర్తు చేస్తుంటుంది.

ఇప్పుడు అక్క ఒక్కతే ఇర్వైన్‌లో ఉంది. గోదావరోడు 2014లో ఇండియా వెళ్ళిపోయాడు, వెళ్ళినప్పుడు హడావిడి లేకుండా ఒక సూట్‌కేసు నిండా రొయ్యల ముద్ద డబ్బాలు పట్టుకెళ్ళాడు, వాళ్ళావిడ వాటిని ఇంట్లోకి రానివ్వలేదని విన్నాను. పెరుగన్నం డల్లాస్, ప్రతి పాట్‌లక్‌కీ ఫిష్ సాసు లేని బొప్పాయి సలాడ్ పట్టుకొస్తాడు, సోయా సాసూ ఉప్పూ వేసి, రోలు కూడా కొన్నాడు. మ్యాప్ గీసిచ్చిన పెద్దాయన రిటైరయ్యాడు. సోమవారం ఆఫీసుకెళ్ళి ఎక్కడెక్కడ ఏం తిన్నామో వరసగా చెప్తుంటే అంతా విని ఆయన అడిగింది ఒకటే, ఆకులు ముందే వేశారా తర్వాత వేశారా అని.

పోయిన డిసెంబర్లో పని మీద అక్కడికి వెళ్ళినప్పుడు అక్కా నేనూ పొద్దున్నే హాజర్డ్ అవెన్యూకి వెళ్ళాం. మీరెవరైనా ఆ వైపు వెళ్తే జేబులో క్యాష్ ఉంచుకోండి, ఆ పేటల్లో కార్డు తీసుకోని చోట్లు ఇంకా ఉన్నాయి. ఆక్స్‌టెయిల్ కావాలంటే పొద్దున్నే వెళ్ళండి, తొందరగా అయిపోతుంది. నిమ్మచెక్కలు మాత్రం అడిగినన్ని ఇస్తారు.